నాలుగు నిమిషాలు, మూడు, రెండు

పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ఇంగ్లీషు నేర్చుకునే కొందరు పెద్దవాళ్లకు కొంతకాలంగా సాయం చేస్తున్నాను. గ్రామర్ చెప్పడానికి వేరే టీచర్ ఉన్నారు. చదివించడం, మాట్లాడించడం నా పని.

అందరూ గడగడా పైకి చదివేవాళ్లే. పేరా అయ్యాక "ఇంతకీ ఏం జరిగింది?" అంటే మాత్రం మళ్లీ పేజీలో వెతుక్కునేవాళ్లు. ధ్యాసంతా పలకడం మీదే ఉంటే అర్థం బుర్రకెక్కదు. పైగా పుస్తకాలు కూడా స్థాయికి మించినవి. హూ, పాల్ నేషన్ అనే పరిశోధకులు 2000లో చెప్పిన లెక్క నాకు ఇక్కడ పనికొచ్చింది. ఎవరి సాయమూ లేకుండా కథ హాయిగా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలట. వీళ్లు తెచ్చుకునే ఇంగ్లీషు పేపర్లో రెండు లైన్లకే తెలియని ఆ రెండు మాటల కోటా అయిపోయేది.

అందుకని తెలిసిన మాటలతో, స్థాయిల వారీగా రాసిన గ్రేడెడ్ రీడర్లు తెచ్చిపెట్టాను. "చిన్నపిల్లల పుస్తకాల్లా ఉన్నాయి మేడమ్" అని ఒకాయన చిన్నబుచ్చుకున్నారు. ఒక్కటి పూర్తిచేయండి, నచ్చకపోతే మారుద్దాం అన్నాను. ఇంగ్లీషు పుస్తకం చివరి పేజీ దాకా చదవడం ఆయనకు అదే మొదటిసారట. రెండోది ఆయనే అడిగి తీసుకున్నారు. కథ అయ్యేదాకా డిక్షనరీ మాత్రం ముట్టుకోనివ్వను.

అసలు టెన్షన్ మాట్లాడటం దగ్గర. కీత్ మారిస్ అనే ఆయన 1983లో వివరించిన పద్ధతి ఒకటుంది. ఒకే సంగతిని మొదట ఒకరికి నాలుగు నిమిషాలు, తర్వాత ఇంకొకరికి మూడు, మరొకరికి రెండు నిమిషాల్లో చెప్పాలి. వినేవాళ్లు మారతారు కాబట్టి విసుగుండదు. చెప్పేవాళ్లకు మాటలు అప్పటికే నోట్లో ఉంటాయి.

ఒకావిడ తను కుట్టుమిషన్ నేర్చుకున్న సంగతి ఎంచుకుంది. మొదటి రౌండులో "మై సిస్టర్... ఈజ్ టీచ్ మీ" అని ఆగి, పైకప్పు వైపు చూసి, మళ్లీ మొదటికొచ్చింది. నాలుగు నిమిషాల్లో సగం మౌనమే. రెండో రౌండులో, ఎవరూ దిద్దకుండానే, "మై సిస్టర్ టాట్ మీ" అనేసింది. మూడోసారి దారం తెగిన ముచ్చట చెబుతుంటే ఎదుటామె పకపకా నవ్వింది. ఈవిడ ఆగకుండా చెప్పుకుపోయింది.

మాట్లాడుతున్నంతసేపూ నేను దిద్దను. రాసుకుని చివర్లో ఒకటో రెండో చెబుతాను. అందులో ఎక్కువ భాగం ఏ అక్షరాన్ని నొక్కాలన్నదే. ఫోటోగ్రాఫ్‌లో మొదటి 'ఫో' నొక్కి పలుకుతారు. ఫొటోగ్రఫీలో ఆ బలం రెండోదానికి, ఫోటోగ్రాఫిక్‌లో మూడోదానికి జరుగుతుంది. తెలుగులో మనం ప్రతి అక్షరాన్నీ పూర్తిగా పలుకుతాం. ఇంగ్లీషులో నొక్కనివి సగం మింగేస్తారు. బల్ల మీద చేత్తో కొట్టిస్తూ పలికిస్తాను. నన్నడిగితే యాస గురించి అంత బెంగ అక్కర్లేదు, ముందు ఇది సరిచూసుకుంటే చాలు.

ఇంకా లొంగనిది ఫోన్. ఎదుటి మనిషి ముఖం కనపడకపోతే బాగా మాట్లాడేవాళ్లు కూడా తడబడుతున్నారు. అందుకే ఈమధ్య ఇద్దరిద్దరినీ వీపులు ఆనించి కూర్చోబెట్టి, అపాయింట్‌మెంట్ అడగడం, టైము మార్చుకోవడం లాంటివి మాట్లాడిస్తున్నాను. "సారీ, కెన్ యూ సే దట్ అగైన్?" అన్న వాక్యం మాత్రం అందరికీ అలవాటైపోయింది.