వెండోమ్ వీధిలో 133 మెట్లు

సన్‌సెట్ బులెవార్డ్ మీంచి వెండోమ్ వీధిలోకి తిరిగి కాస్త దూరం పోగానే తమ్ముణ్ణి కారు ఆపమన్నాను. రెండిళ్ల మధ్యనుంచి సన్నగా, నిటారుగా పైకి పోతున్న సిమెంటు మెట్లు.

"ఇవేనా అన్నయ్యా? మామూలు మెట్లే కదా!" అన్నాడు వాడు.

మామూలు మెట్లే. లాస్ ఏంజెలెస్‌లో ఈ సిల్వర్ లేక్ కొండల మీద ఇలాంటివి చాలా ఉన్నాయి. కానీ 'ది మ్యూజిక్ బాక్స్' సినిమాలో హాలీవుడ్ హాస్యజంట లారెల్, హార్డీ పియానో పెట్టె మోసింది వీటి మీదే. ఆ అరగంట సినిమా 1932లో వచ్చింది. హాల్ రోచ్ నిర్మాత, జేమ్స్ పారట్ దర్శకుడు. హాస్య లఘుచిత్రానికి ఇచ్చిన మొట్టమొదటి ఆస్కార్ దానిదే. ఆ సంగతి చెప్పే ఫలకం మెట్ల కిందే ఉంది. దాన్ని చేత్తో తడిమి చూసుకున్నాను.

వాడు కారులోనే ఉంటానన్నాడు. నేను లెక్కపెట్టుకుంటూ ఎక్కడం మొదలుపెట్టాను.

సినిమాలో ఇరుపక్కలా చాలావరకు ఖాళీ స్థలాలే. ఇప్పుడు ఇళ్లు, చెట్లు, గోడల మీదికి పాకిన తీగలు. నలభయ్యో మెట్టు దగ్గర ఆయాసం వచ్చి ఆగి వెనక్కి చూశాను. తెర మీద ఈ ఏటవాలు ఇంతని తెలియలేదు. పెట్టె చేయి జారితే వీధిలో పడేదాకా ఆగదు.

అక్కడే కూర్చుని ఆ చప్పుడు గుర్తుచేసుకున్నాను. 1927లో మూకీల కాలంలో ఇదే జంట ఇవే మెట్ల మీద బట్టలుతికే యంత్రాన్ని మోసింది. ఆ సినిమా ప్రతి ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. అయిదేళ్ల తర్వాత మళ్లీ ఇక్కడికే వచ్చినప్పుడు వాళ్ల చేతిలో కొత్తగా ఉన్నది శబ్దం. పెట్టెకి మేకులు కొట్టే ఉంటాయి, లోపలున్నది మనకి కనబడదు. మెట్టుకి తగిలినప్పుడల్లా లోపలి తీగలు ఖంగుమంటాయి. మూడోసారి జారేసరికి అది వస్తువులా అనిపించదు, దెబ్బ తగిలి మూలుగుతున్న ప్రాణిలా ఉంటుంది. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చిందీ 1932లోనే. మనకి సినిమాకి గొంతు రావడమంటే పద్యమూ పాటా. వీళ్లు ఆ గొంతుని ఒక చెక్కపెట్టెకిచ్చారు. నాకు రెండూ అద్భుతాలే.

ఇంకో ఘట్టం ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పియానో అంటేనే పడని ఇంటి యజమాని గొడ్డలితో దాన్ని నరుకుతుంటాడు. అది దానంతటదే మోగే రకం పియానో. ఇంతలో అది అమెరికా జాతీయగీతం మొదలెడుతుంది. ముగ్గురూ ఠక్కున నిటారుగా నిలబడి సెల్యూట్ చేస్తారు. గీతం ఆగగానే మళ్లీ గొడ్డలి. కోపమూ నిజమే, భక్తీ నిజమే. కలలో తప్ప ఆ రెండూ అలా పక్కపక్కన నిలబడవు.

133. పైమెట్టు మీద కాలు పెట్టాను. సినిమాలో కనిపించే ఇల్లు ఇక్కడ లేదు. అది కల్వర్ సిటీలో రోచ్ స్టూడియోలో వేసిన సెట్. ఆ స్టూడియోనే 1963లో పడగొట్టేశారు. ఇక్కడున్నది డెస్కాన్సో డ్రైవ్ అనే ప్రశాంతమైన రోడ్డు. దాని అంచున మా కారు, దానికి ఆనుకుని తమ్ముడు.

"చుట్టూ తిరిగి రోడ్డుంది అన్నయ్యా! ఎక్కడం దేనికి, కారులోనే వచ్చేవాళ్లం కదా" అన్నాడు.

వాడు ఆ సినిమా చూడలేదు. పెట్టెని అంత కష్టపడి పైకి చేర్చాక పోస్ట్‌మ్యాన్ వాళ్లిద్దరితో అన్నది సరిగ్గా ఇదే. అది విని వాళ్లు పియానోని మళ్లీ కిందికి మోసుకెళ్లి, గుర్రబ్బండి కెక్కించి, ఆ రోడ్డు మీదుగా తీసుకొచ్చారు.

"నువ్వు కారు కిందికి తీసుకెళ్లరా. నేను మెట్లు దిగి వచ్చి ఎక్కుతాను. అప్పుడిద్దరం రోడ్డు మీంచి పైకొద్దాం" అన్నాను.

వాడు నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఏమీ అడక్కుండా కారు స్టార్ట్ చేశాడు.