మా ఎదురుగా ఇంకో కర్రీ పాయింట్ పెట్టారక్కా!

మొన్న ఆదివారం పొదుపు సంఘాల ఆడవాళ్లకు క్లాసు చెప్పడానికి వెళ్లాను. పదిమంది, అందరూ ఈ ఏడాదే కర్రీ పాయింట్లు పెట్టినవాళ్లు. విజయవాడలో నేను 14 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నానని పిలిచారు. బోర్డు మీద రాసి చెప్పడం నాకు చేతకాదు. ఒక చిన్న కాటా పట్టుకెళ్లాను.

కూర్చోగానే ఒకమ్మాయి అడిగింది. "అక్కా, మా ఎదురుగా ఇంకొకళ్లు పెట్టారు. కూర 25కే ఇస్తున్నారు. నేనూ 30 నుంచి తగ్గించెయ్యనా?"

ప్యాకెట్‌కి నీకెంత పడుతోందమ్మా అంటే తెలియదంది. కూరగాయలు, నూనె, గ్యాస్, కవరు, సాయానికొచ్చే మనిషి కూలి అన్నీ వేస్తే 22 తేలింది. 30కి అమ్మితే 8 మిగులు, 25కి అయితే 3. రోజుకి 60 ప్యాకెట్ల మీద 480 చూస్తోంది. రేటు తగ్గించాక ఆ 480 రావాలంటే 160 ప్యాకెట్లు పోవాలి.

"మా వీధిలో అన్ని ఇళ్లే లేవక్కా!"

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే రెండో ఏడు నేనూ అదే పని చేశాను. తగ్గించగానే జనం వచ్చారు, మూడు నెలలకు మళ్లీ పెంచగానే మొహం చాటేశారు. అసలు సంగతి రేటు కాదు. నేను ఎనిమిదిన్నరకే షట్టర్ దించేసేదాన్ని. గుంటూరులో ఉద్యోగం చేసి వచ్చేవాళ్లు మా వీధి మొగకు చేరేసరికి తొమ్మిది. మా ఆయన్ని పాన్‌షాపు దగ్గర గంటసేపు నిలబెట్టి, ఎదుటి కొట్టుకి ఎవరెప్పుడు వెళ్తున్నారో లెక్కపెట్టిస్తే బయటపడింది. ఆయన ఇప్పటికీ దెప్పుతారు.

తర్వాత కాటా తీశాను. తలా రెండు ప్యాకెట్లు తెమ్మని ముందే చెప్పించాను. ఒకే చేత్తో కట్టిన దొండకాయ వేపుడు, ఒకటి 190 గ్రాములు, ఇంకోటి 250. పెద్దది దొరికినవాడు కిక్కురుమనడు. చిన్నది దొరికినవాడు అపార్ట్‌మెంట్ అంతా చాటుతాడు.

యాప్‌ల గురించి కూడా అడిగారు. 30 రూపాయల కూరలో కమీషన్ పోను ఏం మిగులుతుందో ముందు కాగితం మీద వేసుకోండి అన్నాను, అంతే.

క్యాలెండర్ సంగతి మాత్రం కాసేపు చెప్పాను. శనివారం రాత్రి చాలా ఇళ్లలో అన్నం తినరు. ఆ పూట నేను కూరలు సగానికి తగ్గించి చపాతీ, ఉప్మా పెడతాను. కార్తీకమాసంలో కోడికూర కదలదు. ఉల్లి, వెల్లుల్లి వెయ్యని కూరలకు గిన్నె వేరు, గరిటె వేరు. వేరుగా ఉంటే చాలదు, వచ్చినవాళ్లకు కనపడేలా ముందు పెట్టాలి.

వచ్చే ఆదివారానికి ఎవరి ఎదుటి కొట్టు సాంబారు వాళ్లు కొనుక్కురమ్మన్నాను. పది సాంబార్లు. అన్నం నేను వండుకెళ్లాలి.