కిటికీకి అటూ ఇటూ ఒక సముద్రయుద్ధం

2023 ఆగస్టులో నాకు ఊపిరితిత్తుల క్షయ ఉన్నట్లు తేలింది. అప్పటికి రెండు నెలలుగా దగ్గు విడవడం లేదు, సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతోంది, 60 కిలోలుండే మనిషిని 52 కిలోలకు దిగిపోయాను. మొదట చూపించుకున్న చోట దగ్గు మందులు మార్చి మార్చి రాశారు, రెండుసార్లు యాంటీబయాటిక్స్ వాడించారు, కఫం పరీక్ష మాత్రం చేయించలేదు. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా కఫం పరీక్ష చేయించవలసినదేనని నాకు తరువాత తెలిసింది. ఆ రెండు నెలలూ అమ్మా, భార్యా, పన్నెండేళ్ళ కూతురూ నాతో ఒకే గాలి పీల్చారన్న బాధ నన్ను రోగం కన్నా ఎక్కువ కుంగదీసింది.

ప్రభుత్వ కేంద్రంలో క్షయ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష చేసి, క్షయ ఉందనీ, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగే రకమేననీ చెప్పారు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, ఆ పైన నాలుగు నెలలు మూడు మందులవి. నా బరువుకు రోజుకు నాలుగు మాత్రలు, పరగడుపున వేసుకోవాలి. కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉండాలన్న డాక్టరు గారు, ఇంట్లో 74 ఏళ్ళ అమ్మా, చిన్నపిల్లా ఉన్నారని విని దానిని నాలుగు వారాలు చేశారు. ఇంట్లో ముగ్గురికీ పరీక్షలు చేసి, జబ్బు లేదని తేల్చుకున్నాక, వారికి నివారణ మాత్రలు మొదలుపెట్టారు. ఆ కబురు విన్న రాత్రి నేను నిద్రపోగలిగాను.

మాది విశాఖపట్నం పెద్ద వాల్తేరులో రెండో అంతస్తు. నాకు కేటాయించిన గదికి రెండు కిటికీలు ఉన్నాయి: ఒకటి తూర్పుకు, దానిలోంచి రెండు మేడల సందున చారెడు సముద్రం కనిపిస్తుంది, రెండోది వరండాలోకి, దానికి ఇనుప ఊచలు. రెండూ రాత్రింబవళ్ళు తెరిచే ఉంచాలని డాక్టరు గారి ఆజ్ఞ, ఎందుకంటే గాలి ఆడే గదిలో క్రిములు పలచబడతాయి. మాస్కు, మూత ఉన్న కఫం డబ్బా, నా కంచం, నా గ్లాసు, ఇవీ నా సంసారం. మొదటి వారం మాత్రలు వేసుకున్న గంటకు కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులో వచ్చేది, అది రిఫాంపిసిన్ వల్ల వచ్చే రంగేనని ముందే చెప్పి ఉండకపోతే హడలిపోయేవాడిని.

చిట్టి సేనలతో బల్లమీద ఆడే యుద్ధక్రీడ, అంటే మినియేచర్ వార్‌గేమింగ్, నాకు పదిహేనేళ్ళ వ్యసనం. వేలెడంత కూడా లేని సిపాయిలకు రంగులు వేసి, కొండలూ వాగులూ అమర్చి, టేపుతో కొలుస్తూ నడిపించి, పాచికలు వేసి ఫలితం తేల్చుకునే ఆట ఇది. మన పక్కనే ఉన్న పద్మనాభంలో 1794 జులై 10న విజయనగరం రాజు రెండో విజయరామరాజు ఈస్టిండియా కుంపిణీ సేనతో పోరాడి కూలిన యుద్ధాన్ని మిత్రులతో ఎన్నిసార్లు ఆడానో లెక్కలేదు. కాని ఆ సైన్యమంతా హాల్లోని బీరువాలో ఉండిపోయింది, పైగా ఆ యుద్ధం ఆడటానికి ఎదురుగా మనిషి కావాలి. స్ప్రే రంగులూ, టర్పెంటైనూ, ఉప్పుకాగితంతో రుద్దితే లేచే పొడీ కొంతకాలం వద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. నాకు మిగిలినవి నీటి రంగులు, కత్తెర, జిగురు, అట్టముక్కలు.

తూర్పు కిటికీలోంచి ఆ చారెడు సముద్రాన్ని చూస్తూ ఉండగా 1804 సెప్టెంబరు 15 గుర్తుకు వచ్చింది. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఒక పోరు సరిగ్గా మన తీరం ముందు జరిగింది. నేటి ఓడరేవు 1933లో గాని ప్రారంభం కాలేదు. ఆనాడు ఓడలు తీరానికి ఎదురుగా బయటి సముద్రంలోనే లంగరు వేసుకునేవి. అలా నిలిచి ఉన్న సెంచూరియన్ అనే 50 ఫిరంగుల ఇంగ్లీషు యుద్ధనౌక మీదికీ, దాని కాపుదలలో ఉన్న రెండు వర్తక నౌకల మీదికీ ఫ్రెంచి సేనాని లిన్వా, 74 ఫిరంగుల మారెంగోతోనూ ఫ్రిగేట్లనే మరో రెండు చిన్న యుద్ధనౌకలతోనూ వచ్చిపడ్డాడు. సెంచూరియన్ కెప్టెన్ లిండ్ ఆ వేళకు ఒడ్డున ఉన్నాడు. అతడు లేకుండానే లెఫ్టినెంట్ ఫిలిప్స్ కాల్పులు మొదలుపెట్టాడు. వర్తక నౌకలలో ఒకటి ఒడ్డుకు కొట్టుకుపోయింది, ఒకటి ఫ్రెంచివారికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం చిల్లులు పడి కూడా లొంగలేదు, ఎందుకంటే పటాల్లో లేని ఇసుక మెట్టలు తీరం దగ్గర ఉంటాయని జంకి లిన్వా తన పెద్ద ఓడను అంత దగ్గరికి తేలేక వెనుదిరిగాడు. బలహీనుడికి గెలుపంటే ఎదుటివాణ్ణి ముంచడం కాదు, అతడు వెళ్ళిపోయేదాకా నీటిపైన నిలిచి ఉండటం. అలాంటి షరతుతో ఆడే యుద్ధాలంటే నాకు మొదటినుంచీ మక్కువ.

1:1200 కొలతలో మారెంగో నాలుగున్నర సెంటీమీటర్లు వస్తుంది, సెంచూరియన్ నాలుగుకు కొంచెం తక్కువ. అట్టపొరలు అతికించి పొట్ట భాగం చేశాను, అగరుబత్తి పుల్లలు తెరచాప కొయ్యలయ్యాయి, మా ఆవిడ కుట్టుపెట్టెలోని నల్లదారం తాళ్ళయింది. రోజుకు ఒక గంట కన్నా కూర్చోలేకపోయేవాడిని. ఓపిక లేని రోజున ఒక్క తెరచాప అతికించి పడుకునేవాడిని. మాత్రలలో ఎథాంబుటాల్ అన్నది ఒక్కొక్కరికి కంటి నరాన్ని దెబ్బతీస్తుందనీ, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోతే వెంటనే చెప్పాలనీ డాక్టరు గారు అన్నారు. అందుకని ప్రతి ఉదయమూ ఎర్ర సీసా, పచ్చ సీసా పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క కన్నూ మూసి చూసుకుని, ఆ తరువాతే కుంచె పట్టేవాడిని. దేవుడి దయ వల్ల ఆ రెండు రంగులూ ఎన్నడూ కలిసిపోలేదు.

ఆడటానికి ఎదుటివాళ్ళు కావాలి గదా. ఒకే రకం గళ్ళ కాగితాలు రెండు గీసి, ఒకటి నా బల్లమీద పరిచాను, రెండోది వరండాలో మా అమ్మాయి ముందు. గళ్ళకు అటు అక్షరాలు, ఇటు అంకెలు. నా దగ్గర అట్ట ఓడలు, ఆమె దగ్గర గుండీలు. ఊచలకు నాలుగడుగుల దూరాన, ముక్కుకు మాస్కు కట్టుకుని కూర్చుని, "నాన్నా, మారెంగో చ-7కి వస్తోంది" అని ఆమె కేకవేస్తే నేను ఇక్కడ ఓడను జరిపేవాడిని. ఆమె లిన్వా, నేను సెంచూరియన్.

తెరచాప ఓడల ఆటలో గాలే అసలు రాజు. గాలికి ఎదురుగా ఏ ఓడా పోలేదు, వాలుగా మలుచుకుంటూ పోవాలి. గాలి దిశను మామూలుగా పాచికతో తేలుస్తాం, కాని మా ఆవిడ ఆ బాధ్యత తాను తీసుకుంది. వంటింటి పని మధ్యలో పెరటి వసారాకు వెళ్ళి, దండెం మీది చీరలు ఎటు ఎగురుతున్నాయో చూసి వచ్చి, "ఏమండీ, ఇప్పుడు నైరుతి" అని చెప్పేది. నైరుతి ఋతుపవనం నాటి గాలి అదే గనుక పొద్దుట ఆడిన ఆటలు 1804 నాటికి దగ్గరగా ఉండేవి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగితే లిన్వా పథకమంతా తారుమారయ్యేది. ఇంటిపని, నా గిన్నెలు వేడినీళ్ళలో వేరుగా కడగడం, అమ్మ మందులు, అమ్మాయి చదువు, అన్నీ ఒంటిచేతి మీద లాగుతూ ఆమె ఆ గాలి కబురు ఒక్క వంతు కూడా తప్పించలేదు. ఆమె ఋణం తీర్చుకోగలనని నేను అనుకోవడం లేదు.

పాచికలు గవ్వలుగా మారడం అమ్మ వల్ల జరిగింది. మొదట్లో ఆమెకు ఈ ఆట నచ్చలేదు. "ఏటిరా నాయనా, జబ్బుమనిషివి తొంగోకుండా ఆ కాయితం ముక్కలేటి?" అని గుమ్మం అవతలనుంచి మందలించి, చోడి అంబలి గ్లాసు గట్టున పెట్టి వెళ్ళేది. ఒకనాడు మనవరాలి పాచిక మంచం కిందికి దొర్లిపోతే, తన పెట్టెలోంచి ఆరు గవ్వలు తెచ్చి, ఇక వేసేది తానేనంది. ఎవరి పక్షమూ కాని మనిషి వేయడం నాకూ నచ్చింది. కాని రెండు ఆటలు గడిచినా ఏ ఓడకూ కొయ్య విరగలేదు. కారణం లెక్కలో ఉంది. పాచికలో ఒకటి నుంచి ఆరు వరకు అన్నీ సమానంగా వస్తాయి. ఆరు గవ్వలు విసిరితే, ఒక్కొక్కటి వెల్లకిలా పడటానికీ బోర్లా పడటానికీ సమాన అవకాశం ఉందనుకుంటే, మొత్తం 64 విధాలలో మూడు వెల్లకిలా పడేవి 20, ఆరూ వెల్లకిలా పడేది ఒక్కటే. ఐదు గాని ఆరు గాని పడితే కొయ్య విరుగుతుందన్న నియమం పాచికతో మూడింట ఒకసారి ఫలిస్తుంది, గవ్వలతో 64లో ఏడుసార్లే. పైగా గవ్వలు నిజంగా సమంగా పడవు. అమ్మ చేత నూరుసార్లు వేయించి, అమ్మాయి చేత రాయించాను: 600లో 340 వెల్లకిలా పడ్డాయి. దానినిబట్టి దగ్గరి కాల్పులకు నాలుగు, దూరపు కాల్పులకు ఐదు అని నియమం తిరగరాశాను. తీరం దగ్గరి గళ్ళలోకి పెద్ద ఓడ వస్తే, ఒకటి గాని సున్నా గాని పడిననాడు ఇసుకలో కూరుకుపోతుంది. మా గవ్వలకు అది పదిహేడింట ఒకసారి. పదిహేడేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, ఏ తరగతిలోనూ ఆ మధ్యాహ్నం కలిగినంత ఆనందం కలగలేదు.

నాలుగు వారాల్లో పదకొండు యుద్ధాలు జరిగాయి. అన్నింటిలోనూ మా అమ్మాయి మారెంగోను ఇసుక మెట్టల అంచుదాకా తెచ్చి, అక్కడ వెనక్కి తిప్పేది. చరిత్ర చదివిన పిల్ల కాదు, ఆ భయం దానంతట అదే వచ్చింది. జ్వరం మూడో వారంలో పోయింది, ఆకలి తిరిగి వచ్చింది. క్షయ రోగుల తిండికి ప్రభుత్వమిచ్చే నిక్షయ్ సాయం కింద అప్పట్లో నెలనెలా ఖాతాలో పడిన 500 రూపాయలు కోడిగుడ్లకు వెళ్ళాయి. దగ్గు మాత్రం ఆలస్యంగా తగ్గింది. రెండు నెలలు నిండాక చేసిన కఫం పరీక్షలో క్రిములు కనిపించలేదు. ఫిబ్రవరిలో ఆఖరి మాత్ర వేసుకునేనాటికి 58 కిలోలకు వచ్చాను.

గది తలుపు తెరిచింది మాత్రం సెప్టెంబరు ఆఖరున, ఒక ఆదివారం. ఓడలను హాల్లోకి మోసుకువచ్చి, గళ్ళ కాగితాన్ని నేలమీద పరిచి, నలుగురమూ దాని చుట్టూ కూర్చున్నాం. దండెం మీద నైరుతి. పదో వంతులో మా అమ్మాయి, గుండీకి బదులు మొదటిసారిగా అసలు మారెంగోను రెండు వేళ్ళతో పట్టుకుని, వెనక్కి తిప్పకుండా మెట్టల గడిలోకి తోసింది. అమ్మ గవ్వలు విసిరింది. ఆరింటిలో ఒక్కటే వెల్లకిలా పడింది.

"ఏటమ్మా, దిగబడిపోనాదేటి నీ ఓడ?" అంది అమ్మ, నా మోకాలి మీద చెయ్యి ఆనించి గవ్వలు ఏరుకుంటూ.