కలబంద అనుకొని కిత్తనార రాసుకున్న: నా అనుభవం

ఈ సంక్రాంతికి నేను పడ్డ బాధ ఇంకొకరు పడొద్దని రాస్తున్న. మణికట్టు మీద మచ్చ ఇంకా పోలేదు.

హనుమకొండల కొత్తింట్లకు వచ్చినంక, అమావాస్యకు దర్వాజకు కలబంద కట్టుమని అత్తమ్మ చెప్పింది. రోడ్డు పక్కన అమ్మేటాయన దగ్గర రెండు మొక్కలు తెచ్చిన. వేర్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఒకటి తలకిందులుగా కట్టినం. ఇంకోటి కుండీల పెట్టిన.

భోగికి రెండు రోజుల ముందు వాడకట్టు ఆడోళ్లం కూసొని సకినాలు చుట్టినం. గుడ్డ మీద ఆరినయి ఆరినట్టు నేను నూనెల వేస్తున్న. జల్లిగంటె జారి నూనె మణికట్టు మీద చిందింది. ఇంట్ల కలబంద ఉన్నదన్న ధైర్యంతోని కుండీల మట్ట విరిచి రుద్దిన. నిమిషాలల్లనే దురద, దద్దుర్లు. కాలిన మంట ఒకటైతే ఇది ఇంకో మంట.

దవాఖానల గంట సేపు కూసున్న. డాక్టరు ఆ మట్ట ముక్క చేతిల పట్టుకొని, బయట నిలబడ్డోళ్లకు వినవడేటట్టు, "టీచరంటున్నరు, ఇదేం చెట్టో తెల్వదా అమ్మా?" అన్నడు. పిల్లలకు పన్నెండేండ్ల సంది సైన్స్ చెప్తున్న. నా దగ్గర చదివిన పిల్లగాడొకడు ఆ వరుసలనే ఉన్నడు. తల ఎత్తలేకపోయిన. పోనీ అది ఏం చెట్టో ఆయనన్న చెప్పిండా అంటే, లేదు. రోగం వచ్చినోళ్లను నలుగురిల నిలబెట్టి అడిగేటోళ్ల దగ్గరికి పోకండ్రి, ఇంకో డాక్టరును చూసుకోండ్రి.

చెప్పింది మా అమ్మ. పరకాల నుంచి వచ్చి చూడంగనే, "ఇది కిత్తనార బిడ్డా, దీని నారతోని తాళ్లు పేనుతరు" అన్నది. దాని రసంల సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు ఉంటయి, అవే తోలుకు గుచ్చుకుంటయి. కిత్తనార మట్ట కొసకు గట్టి నల్లముల్లు ఉంటది, విరిస్తే నార సాగుతది. కలబంద అంచు ముండ్లు మెత్తగుంటయి, కోస్తే తెల్లగ నీళ్లలెక్క గుజ్జు కనవడుతది. కొనేముందు ఒక మట్ట కోసి చూపెట్టుమనండ్రి. చూపెట్టనోని దగ్గర కొనకండ్రి.

కాలినప్పుడు మొదలు ఇరవై నిమిషాలు నల్లా నీళ్ల కింద పెట్టాలె. గుజ్జు తర్వాత, అదీ చిన్న గాయానికే. బొబ్బలు పెద్దగుంటే దవాఖానకే పోవాలె. కలబంద కోసినంక మట్టను కాసేపు నిలువుగ పెట్టి, తోలు కింది నుంచి కారే పసుపుపచ్చ చేదు రసాన్ని కారనియ్యాలె. ఎండబెడితే ముసాంబ్రం అయ్యేది అదే. మా అమ్మమ్మ బెణికిన కాలుకు అరగదీసి పట్టేసేది, పిల్లలతోని పాలు మాన్పించెతందుకు రొమ్ముకు రాసేది. కడుపుల పడితే విరేచనాలే. పొద్దున్నే మట్ట మొత్తం మిక్సీ పట్టి తాగేటోళ్లు, ముఖ్యంగ కడుపుతోని ఉన్నోళ్లు, ఆ అలవాటు బంద్ చేయాలె.

దిష్టి సంగతి నేను నమ్ముత. మట్టి లేదు, నీళ్లు లేవు, దర్వాజకు వేలాడుకుంట నెలలకొద్దీ పచ్చగుంటది. గుజ్జుల నీళ్లు దాసుకొని, పొద్దంత రంధ్రాలు మూసుకొని, రాత్రి తెరిచి గాలి పీల్చుకుంటదని నేనే క్లాసుల చెప్పిన. అయినా ఇంటికి తగిలే చూపును అది మీదేసుకుంటదన్న నమ్మకం నాకు పోలేదు.

కిత్తనార తీసేసి, అమ్మ పెరట్ల నుంచి పీకి పేపర్ల చుట్టి తెచ్చిన కలబంద కట్టినం. నిన్న చూస్తే, తలకిందులుగ ఉన్నా దాని మట్టల కొసలు పైకి వంగుతున్నయి.