నంద్యాల నల్లరేగడిలో పునాది: మట్టి పరీక్ష నుంచి పైళ్ళ దాకా నా అనుభవం

నంద్యాల శివారులో మేము కట్టుకుంటున్న రెండంతస్తుల ఇంటికి పునాది పైళ్ళలో, అంటే నేలలోకి లోతుగా దించే స్తంభాల్లో, కాంక్రీటు పోయడం ఈ వారమే పూర్తయింది. నల్లరేగడిలో ఇల్లు కట్టబోయేవారికి ఉపయోగపడుతుందని, అన్నీ గుర్తుండగానే ఇది రాస్తున్నాను. ప్లాను అనుమతి, బ్యాంకు రుణం పెద్దగా ఇబ్బంది లేకుండానే వచ్చాయి. మమ్మల్ని ఏడిపించింది మట్టి పరీక్ష.

మా కుందూ నది లోయలో చాలాచోట్ల పైన నల్లరేగడి, దాని కింద సున్నపు గుళ్ళు కలిసిన పసుపు బంకమన్ను, ఇంకా లోతున నంద్యాల షేల్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే పలకరాయి ఉంటాయి. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లోనైట్ అనే ఖనిజం ఎక్కువ కావడం వల్ల అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఇంటి నడిమి భాగం కింద తేమ నిలిచి, అంచుల వెంబడి నేల ఎండుతూ తడుస్తూ ఉండడంతో, ఆ కదలిక అన్నివైపులా ఒకేలా ఉండదు. గోడలు ఏటవాలుగా పగిలేది అందుకే. మా వీధిలో కిటికీ మూలల నుంచి పైకప్పు దాకా పగుళ్ళు పాకి, ప్రతి వేసవిలోనూ సిమెంటు పూయించుకునే ఇళ్ళు ఉన్నాయి. అందువల్ల ఇక్కడ నేల ఎంత బరువు మోస్తుందన్న ప్రశ్నకంటే ముందు, ఎంత ఉబ్బుతుందన్న ప్రశ్న వేయాలి.

మా ప్లాను గీసిన సర్వేయరు తనకు తెలిసిన ఒక ల్యాబును సూచించాడు. వాళ్ళు మూడు కాళ్ళ స్టాండు, వించీ తెచ్చి మట్టి పరీక్ష కోసం బోరు మొదలుపెట్టారు. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని కాబట్టి, పరీక్ష ఎలా చేయాలో ముందే చదువుకుని వెళ్ళి అక్కడే నిలబడ్డాను. ఐ.ఎస్. 2131 అనే భారతీయ ప్రమాణం ప్రకారం బోరులో దించిన రాడ్డు మీదికి 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి స్వేచ్ఛగా జారవిడవాలి. రాడ్డు మీద 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున మూడు గీతలు గీసి, మొదటి 15 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన దెబ్బలను వదిలేసి, తరువాతి 30 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టాలి. ఆ లెక్కనే ఎన్ విలువ అంటారు. అక్కడ గీతలూ గీయలేదు, లెక్కా రాయలేదు. తాడు డ్రమ్ముకు చుట్టుకుని ఉండగానే సుత్తిని సగం ఎత్తు నుంచి వదులుతున్నారు. మూడు మీటర్ల లోతు దాటగానే "రాయి తగిలిందమ్మా, ఇంక దిగదు" అని సామాను సర్దుకున్నారు. బయటకు తీసిన ఆగరు (మన్ను తొలిచే బరమా) కొనకు మాత్రం తడి పసుపు మన్ను అంటుకుని ఉంది.

కొన్ని రోజుల తరువాత వచ్చిన నివేదికలో రెండు బోర్లు, ఒక్కొక్కటీ 10 మీటర్ల లోతు అని ఉంది. ప్రతి 1.5 మీటర్లకూ ఎన్ విలువలు చక్కగా అచ్చువేశారు. మూడు మీటర్ల కింద ఎర్ర మొరం ఉన్నదట! చదరపు మీటరుకు 20 టన్నుల భారం వేయవచ్చని, 1.5 మీటర్ల లోతున విడివిడి ఫుటింగులు (ఒక్కో స్తంభం కింద వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మెలు) సరిపోతాయని తేల్చారు. ఉబ్బు పరీక్ష లేదు, లిక్విడ్ లిమిట్ (మన్ను ఎంత తేమకు జారుడుగా మారుతుందో చెప్పే అంకె) లేదు, నీటిమట్టం గడి ఖాళీగా ఉంది. ఎర్ర నేల ఉన్న మరెవరి స్థలం నివేదికకో మా సర్వే నంబరు తగిలించారని చూడగానే అర్థమైంది.

ఆ నివేదిక పట్టుకుని వాళ్ళ కార్యాలయానికి వెళ్ళాను. అప్పటికే అక్కడ కొందరు కాంట్రాక్టర్లు కూర్చుని ఉన్నారు. మూడు మీటర్ల దగ్గర ఆగిన బోరులో ఆరు మీటర్ల దగ్గర దెబ్బలు ఎవరు లెక్కపెట్టారని అడిగాను. బల్ల వెనుక ఉన్న ఇంజనీరు నివేదిక తెరిచి కూడా చూడలేదు. "మేడమ్, ఇవి మీకు అర్థమయ్యేవి కావు. ఇంట్లో సారు ఉంటారు కదా, ఆయన్ని పంపండి, మాట్లాడతాం" అన్నాడు. కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఇన్నేళ్ళుగా ఎందరో పిల్లలకు గురుత్వ త్వరణం, స్థితిశక్తి బోధించిన నాకు, సుత్తి ఎత్తు సగానికి తగ్గితే దెబ్బ శక్తి కూడా సగానికి తగ్గుతుందని తెలియదని ఆయన అనుకున్నాడు. ఆ మాటే గట్టిగా చెప్పాను. అప్పుడు గొంతు తగ్గించి, "అందరికీ ఇట్లే ఇస్తాం మేడమ్, ఫైలులో పెట్టుకునేదానికే కదా, ఎవరూ చదవరు" అన్నాడు. నన్ను అవమానించినదానికంటే ఆ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ కాగితాన్ని నమ్మి ఎన్ని ఇళ్ళకు ఫుటింగులు వేసి ఉంటారో! డబ్బు తిరిగి ఇవ్వలేదు. సాయంత్రం సర్వేయరు ఫోను చేసి, "ఎందుకమ్మా లేనిపోని గొడవ" అని నాకే నీతులు చెప్పాడు. ప్లాను గీసేవారు సూచించిన ల్యాబుకు వెళ్ళవద్దని అందుకే చెబుతున్నాను. వాళ్ళిద్దరి మధ్యా ఏమి లెక్కలు ఉన్నాయో మనకు తెలియదు.

మరునాడు మా స్థలంలో మీటరు లోతు మన్ను తవ్వించి, పెనం మీద తేమ పోయేదాకా వేడిచేసి, మెత్తగా నూరి జల్లించి, బడి ల్యాబులో పది గ్రాముల చొప్పున రెండు కొలజాడీల్లో వేశాను. ఒకదానిలో డిస్టిల్డ్ వాటరు, రెండోదానిలో సోడియం భద్రపరచడానికి మేము ఉంచుకునే కిరోసిన్ పోశాను. కిరోసిన్‌లో ఈ మన్ను ఉబ్బదు. 24 గంటల తరువాత కిరోసిన్‌లో 11 మిల్లీలీటర్లు, నీటిలో 24 మిల్లీలీటర్లు వచ్చింది. తేడాను కిరోసిన్ కొలతతో భాగిస్తే ఉబ్బు సూచిక 118 శాతం. ఐ.ఎస్. 1498 పట్టిక ప్రకారం 100 నుంచి 200 మధ్య ఉంటే ఉబ్బే గుణం ఎక్కువని అర్థం. పదో తరగతి పిల్లలు చేయగలిగిన ఈ పరీక్ష డబ్బు తీసుకున్న ల్యాబు చేయలేదు.

ఆ తరువాత ఒక ఇంజనీరింగు కళాశాల సివిల్ విభాగాన్ని ఆశ్రయించాము. వాళ్ళు రాడ్డు మీద సుద్దముక్కతో గీతలు గీసి, ప్రతి దెబ్బా పైకి లెక్కపెట్టారు. చెదరని మన్ను నమూనాల గొట్టాల చివరలను మైనంతో మూశారు. మర్నాడు మళ్ళీ వచ్చి బోరులో నీటిమట్టం కొలిచారు. నల్లరేగడి 3.2 మీటర్ల దాకా, పసుపు బంకమన్ను 5.5 మీటర్ల దాకా, దాని కింద చివికిన షేల్ అని తేలింది. వాళ్ళ ల్యాబులో ఉబ్బు సూచిక 120 దాటింది. అక్కడి ప్రొఫెసరు గారు ఒక విలువైన సంగతి చెప్పారు: వేసవిలో ఎండిన నల్లరేగడి రాయిలా గట్టిపడి ఎన్ విలువలు ఎక్కువగా చూపిస్తుంది, అదే మన్ను వానాకాలంలో మెత్తబడుతుంది, కాబట్టి పైపొరలో వేసవిలో వచ్చిన అంకెను నమ్మి పునాది వేయకూడదు. ఏ నెలలో బోరు వేశారో నివేదికలో రాయించుకోండి.

మాకు సూచించినవి అండర్ రీమ్డ్ పైళ్ళు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన దేశంలో నల్లరేగడి కోసమే వీటిని అభివృద్ధి చేసింది. పైలు కాడ వ్యాసానికి రెండున్నర రెట్లు వెడల్పుండే ఉబ్బెత్తు భాగాన్ని, అంటే బల్బును, తేమ మార్పులు అంతగా చేరని లోతులో తొలుస్తారు. పై మన్ను ఉబ్బి పైలును పైకి లాగినా బల్బు దాన్ని పట్టి ఉంచుతుంది. లోతైన నల్లరేగడిలో కనీసం 3.5 మీటర్ల పొడవు ఉండాలని ఐ.ఎస్. 2911 మూడో భాగం చెబుతుంది, మావి 4.5 మీటర్లు, కాడ 300, బల్బు 750 మిల్లీమీటర్లు. పైకి లాగే బలాన్ని తట్టుకోవాలి కనుక ఇనుము పైలు అడుగుదాకా ఉండాలి. బల్బు తొలిచాక అడుగున రాలిన మన్ను పూర్తిగా తీయించండి, తవ్విన రోజే కాంక్రీటు పోయించండి. మా మేస్త్రీ రేపు పోద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు.

ఇక ప్లింత్ బీముల (పైళ్ళను కలుపుతూ గోడలను మోసే అడ్డ దూలాల) పని మిగిలింది. బీము అడుగు నేలను తాకకుండా కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, లేకపోతే ఉబ్బిన మన్ను బీమును నెట్టి పైళ్ళ వల్ల కలిగిన లాభమంతా పోగొడుతుంది. ఆ ఖాళీని ఇసుకతో నింపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంటి చుట్టూ నీరు బయటికి వాలేలా ఆప్రాన్ (గోడల వెంట గచ్చు పట్టీ) వేయించుకోవాలి. వేప, రావి వంటి చెట్లను గోడల దగ్గర నాటకూడదు. బోరు లాగు (ఏ లోతున ఏ మన్ను ఉందో రాసిన పట్టిక), పైళ్ళ లోతుల పట్టిక ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరుచుకోండి. రేపు పిల్లలు మరో అంతస్తు వేయదలిస్తే ఇంజనీరు మొదట అడిగేవి అవే.