బియ్యం అవ్వ

డోర్నకల్‌లో చదువుకున్నామని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది అక్కడి పెద్ద చర్చి ఎపిఫనీ కథీడ్రల్ గురించే. ఆ గుమ్మటాలను, మినార్లను, గుడి మండపాన్ని తలపించే స్తంభాలను ఒక్కసారి చూసినవారు మరచిపోరు. దాన్ని కట్టించిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి గురించి రాయడానికి నాకంటే అర్హులు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు కాబట్టి, ఆ ఆలయంలో ఏ పదవీ ఏ జీతమూ లేకుండా జీవితమంతా పనిచేసిన ఒక ముసలమ్మ గురించి నేను రాయదలచుకున్నాను. హాస్టల్ పిల్లలమంతా ఆమెను బియ్యం అవ్వ అని పిలిచేవాళ్లం. సంఘపు రిజిస్టర్‌లో తప్ప మరెక్కడా తన పేరు పడటం ఆమెకు గిట్టేది కాదు గనుక ఇక్కడా ఆ పేరు రాయడం లేదు.

ఆ పిలుపు ఆమెకు ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అజరయ్య గారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయానికి చెందిన క్రైస్తవ సంఘం) బిషప్ అయిన తొలి భారతీయుడిగా డోర్నకల్ బాధ్యత తీసుకున్నారు. విదేశాల నుంచి వచ్చే డబ్బుతో కాక సంఘస్థుల సొంత కానుకలతోనే సంఘం నిలబడాలన్నది ఆయన పట్టుదల. అయితే ఆ సంఘస్థుల్లో అధికభాగం మాల, మాదిగ వాడల్లోని వ్యవసాయ కూలీలు. వాళ్ల చేతికి కూలి గింజల రూపంలోనే వచ్చేది తప్ప రూపాయి కనిపించడం అరుదు. అటువంటి ఇళ్లలో సాధ్యమైన కానుక పిడికెడు బియ్యం. వంటకు కొలిచిన బియ్యాన్ని ఎసట్లో పోసే ముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి, దేవుని కోసం విడిగా పెట్టిన కుండలో వేసేది. ఆదివారం నాటికి పోగైన దాన్ని గుడికి తెచ్చి అర్పించేది. 1939 జనవరి 6న కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగినప్పుడు తనకు ఏడో ఎనిమిదో ఏళ్లని, ఆ రోజు తల్లి బియ్యం మూటను తానే నెత్తిన పెట్టుకుని వచ్చానని అవ్వ చెప్పేది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్ సంఘంతో మరికొన్ని ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన సంగతి అడిగితే మాత్రం, "గుడి అదే, కుండ అదే, నాకేం తెలుసు బిడ్డా" అని తీసిపారేసేది.

మేము హాస్టల్‌లో ఉన్న 1980ల నాటికి బియ్యం కొలత పూర్తిగా ఆమె చేతిలో ఉండేది. ఆరాధన ముగిసి పాస్టరు అయ్యగారు దీవెన పలికిన తర్వాత అవ్వ పక్క వసారాలో చాప పరచి కూర్చునేది. నలుగురైదుగురు పిల్లలం సంచులు మోయడానికి ఆమె వెంట ఉండేవాళ్లం. అన్ని మూటలనూ ఒకే సంచిలో కుమ్మరిస్తే పని తొందరగా అయిపోతుంది కదా అని మాకు అనిపించేది. కాని ఆమె ప్రతి మూటనూ విప్పి, గుప్పిట్లోకి కొన్ని గింజలు తీసుకుని, ఒక్క గింజను పంటికింద కొరికి చూసి, పాతవి ఒకవైపు, కొత్తవి ఒకవైపు, నూకలు మరోవైపు పోయించేది. పాత బియ్యానికి నీళ్లు ఎక్కువ పడతాయి, కొత్త బియ్యం ఇట్టే మెత్తబడుతుంది. రెండూ ఒకే గుండిగలో పడితే కొంత ముద్దై కొంత పలుకుగా మిగులుతుంది. ఆ బియ్యంలో కొంత మా హాస్టల్ వంటశాలకే వచ్చేది కాబట్టి ఆ జాగ్రత్త విలువ మాకు కంచాల్లోనే తెలిసింది. మిగిలినది అమ్మి డబ్బు సంఘానికి జమచేసేవారు. సోల నిండాక చేత్తో తలకొట్టి, గోడమీద బొగ్గుతో ఒక గీత గీసేది. కోశాధికారి పుస్తకానికీ ఆ గీతలకూ తేడా వస్తే పుస్తకాన్నే మళ్లీ కూడేవారు.

అవ్వది మెత్తని నోరు కాదు. సంచి మోస్తూ గింజలు కింద పోసినవాడిని అక్కడే వంగోబెట్టి ఏరించేది. అయ్యగారి ఇంటికైనా సరే, ఆ బియ్యం అరువివ్వనని ముఖం మీదే చెప్పేది. మట్టల ఆదివారానికి ముందురోజు ఈతమట్టలు తెచ్చిన పెద్ద కుర్రాళ్లు కూడా, అవి ఎండిపోకుండా నీళ్లు చల్లారా లేదా అని ఆమె అడుగుతుందని భయపడేవాళ్లు. శుభ శుక్రవారానికి బల్లమీద పరిచే నల్లగుడ్డను, పునరుత్థాన పండుగకు పరిచే తెల్లగుడ్డను తానే ఉతికి గంజిపెట్టేది. మరొకరి ఉతుకు ఆమెకు నచ్చేది కాదు.

ఒక ఏడాది సంఘ కమిటీలో, బియ్యం మోయడం, పురుగు పట్టకుండా చూడడం శ్రమగా ఉంది గనుక ఇంటింటికీ కవర్లు పంచి డబ్బే తీసుకుందామన్న ఆలోచన వచ్చింది. కమిటీలో సభ్యురాలు కాని అవ్వ ఆ సమావేశానికి పిలవకుండానే వెళ్లి, గుమ్మం దగ్గర నిలబడి, "కవర్ల ఏసే పైసలు మొగోని జేబుల ఉంటయి, అయ్యా. పిడికెడు బియ్యం ఆడిదాని చేతిలుంటది. కవరొస్తే మా ఆడోళ్లు గుడికి ఏమిస్తరు?" అని అడిగిందట. ఈ మాట అప్పటి పెద్దలు ఒకరు నాకు చెప్పారు. సొంతంగా ఖర్చు పెట్టుకునే హక్కు లేని స్త్రీ తన చేతులమీదుగా ఇవ్వగలిగిన ఏకైక కానుక అదేనన్న విషయం, చదువుకున్న ఆ కమిటీలో ఎవరికీ తట్టకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చివరికి కవర్లూ వచ్చాయి, కుండలూ మిగిలాయి.

పంట పండుగ నాడు మాత్రం ఆమె ముఖం వేరుగా ఉండేది. ప్రథమఫలాలుగా వచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, మొక్కజొన్న కంకులు వేలంపాటలో పెట్టినప్పుడు, పాడుకున్నవాళ్లు అదే గుమ్మడికాయను తిరిగి గుడికిచ్చేస్తే మళ్లీ పాట మొదలయ్యేది. ధర ఆగిపోతుందనిపించగానే అవ్వ వెనకనుంచి ఒక రూపాయి పెంచేది. ఆ రూపాయి ఆమె దగ్గర ఉందో లేదో అడిగే ధైర్యం పాట పాడేవాడికి ఉండేది కాదు.

ఎనభై దాటాక మోకాళ్లు సహకరించకపోయినా, ఆదివారం కుర్చీ వేయించుకుని కొలత దగ్గరే కూర్చునేదని విన్నాను. ఆమె పోయిన తర్వాత ఆ పనిని సంఘంలోని ఆడవాళ్ల బృందమైన స్త్రీల మైత్రి సభ్యులు ఇద్దరు తీసుకున్నారు. వాళ్లలో ఒకరు తక్కెడ తెచ్చి కిలోల్లో తూస్తున్నారు, రెండోవారు సోలనే వదలలేదు; రెండు లెక్కలూ కుదరక అప్పుడప్పుడు వాదించుకుంటున్నారని మొన్న పంట పండుగకు వెళ్లినప్పుడు స్వయంగా చూశాను.