నేనెక్కితే ఒక కాఫీ బస్తా దిగింది

ఆస్ట్రేలియాకి ఉత్తరాన ఉన్న పాపువా న్యూగినీలో ఉద్యోగం అనగానే మా అత్తగారు అడిగిన మొదటి మాట, "అక్కడ మనుషుల్ని తింటారటే అమ్మాయ్?" ఇప్పటికీ విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర ఎవరో ఒకరు అదే అడుగుతుంటారు. అందుకని ముందు ఆ సంగతి తేల్చేస్తాను. ఫోరే అనే తెగలో చనిపోయిన సొంతవాళ్ళ శరీరాన్ని అంత్యక్రియల్లో భాగంగా తినే ఆచారం ఒకప్పుడు ఉండేది. దానివల్ల కురు అనే మెదడు జబ్బు వ్యాపించి ఆడవాళ్ళు, పిల్లలు ఎక్కువగా పోయారు. 1960 నాటికే ఆ ఆచారం ఆగిపోయింది. ఆ జబ్బు మీద పనిచేసిన గజ్డుసెక్‌కి 1976లో నోబెల్ వచ్చింది. నేనున్న ఊళ్ళో మాత్రం మూడు పూటలా తిన్నది చిలగడదుంప. అది తిని తిని నాకు విసుగొచ్చింది గానీ నన్నెవరూ తినలేదు.

నా పని కాఫీ. చింతపల్లి, పాడేరు వైపు తోటల్లో కొన్నేళ్ళు తిరిగాక గొరోకాలో కాఫీ ఎగుమతి చేసే ఒక సంస్థలో కాంట్రాక్టు దొరికింది. కాఫీ రుచి చూసి గ్రేడు రాయడం, అప్పుడప్పుడూ ఊళ్ళకెళ్ళి పండు తోలు ఎలా తీస్తున్నారో, గింజ ఎలా ఆరబెడుతున్నారో చూడటం. గొరోకా కొండల మధ్య పట్నం. లే అనే రేవు నుంచి అక్కడికి హైవే ఉంది. రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి మాత్రం రోడ్డే లేదు, విమానంలోనే రావాలి. నేను చెప్పబోయే ఊరికి గొరోకా నుంచి కూడా రోడ్డు లేదు. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు నన్ను ఇంట్లో మనిషిలా చూసుకున్నారు, వాళ్ళ గుట్టు వాళ్ళది.

ఆ ఊరికి ఒంటి ఇంజిన్ చిన్న విమానం వస్తుంది. రన్‌వే అంటే కొండ వాలు మీద గడ్డి. దిగేటప్పుడు ఎగువకు దిగుతుంది, ఎగిరేటప్పుడు పల్లానికి పరిగెత్తి గాల్లోకి లేస్తుంది. గడ్డి పెరిగితే విమానం రాదు కాబట్టి ఊరంతా కత్తులు పట్టుకుని తామే కోసుకుంటారు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది, ఏం ఎక్కించినా పొద్దున్నే ఎక్కించాలి.

తిరుగు ప్రయాణం రోజున కాటా బయటికి తెచ్చారు. ముందు కాఫీ బస్తాలు తూచారు, తర్వాత మనుషుల్ని. నన్నూ నా సంచితో సహా కాటా మీద నిలబెట్టి, పైలట్ తన పుస్తకంలో అంకె వేసుకున్నాడు. కూడికలు వేసి, ఎక్కించిన వాటిలో ఒక బస్తా దింపించాడు. దింపిన బస్తా ఎవరిదో అడక్కుండానే తెలిసింది. గట్టు మీద నిలబడ్డ ఒకావిడ దాని దగ్గరికి నడిచి వచ్చి, మూతి కట్టు గట్టిగా ఉందో లేదో చేత్తో లాగి చూసి, మళ్ళీ షెడ్డులోకి మోయించింది. నా మీద కోపం లేదు. ఆ ఊళ్ళో ఎవరు ఎక్కినా ఏదో ఒకటి దిగాల్సిందే.

తర్వాతి విమానం ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఈలోగా ఎండిన పార్చ్‌మెంట్, అంటే పైపొట్టుతో ఉన్న కాఫీ గింజ, ఆ పొగమంచుకి మళ్ళీ తేమ పీల్చుకుంటుంది. అది చివరికి గొరోకా చేరాక గిన్నెలో చెంచా ముంచి నోట్లో వేసుకుని, "బూజు వాసన, గ్రేడు తగ్గించాలి" అని రాసేది కూడా నేనే. ఆ రైతు పండు ఎర్రగా చూసి కోసింది, చేత్తో తిప్పే పల్పర్‌లో తోలు తీసింది, పులియబెట్టి వాగులో కడిగింది, పట్టా మీద ఆరబోసి వాన చినుకు పడ్డప్పుడల్లా పరిగెత్తి ముడిచింది. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? విమానం కిరాయి మాత్రం కిలోల లెక్కన కోసుకుంటారు. గిట్టుబాటు కాదనుకున్న ఏడాది పండు కొమ్మ మీదే వదిలేస్తారు. బద్ధకం అని గొరోకా ఆఫీసులో అనేవాళ్ళు. నాకు మాత్రం అది లెక్క తెలిసినవాళ్ళ పని అనిపించేది.

పండు వదిలేసినా పస్తులుండరు, అదీ అసలు సంగతి. అక్కడి కొండ లోయల్లో వ్యవసాయం ఈనాటిది కాదు. మౌంట్ హాగెన్ దగ్గర కుక్ అనే చిత్తడి నేలలో కనీసం ఏడు వేల ఏళ్ళనాటి సాగు ఆనవాళ్ళు దొరికాయి, 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. చామ, అరటి, పెండలం పండించేవారు. దక్షిణ అమెరికా దుంప అయిన చిలగడదుంప వచ్చింది గత కొన్ని వందల ఏళ్ళలోనే, ఇప్పుడు అదే అన్నం. 1930లో బంగారం వెతుక్కుంటూ ఆస్ట్రేలియన్లు ఈ లోయల్లోకి ఎక్కేదాకా ఇక్కడ లక్షలమంది ఉన్నారని బయటి లోకానికి తెలియదు. ఇలాంటివాళ్ళని రాతియుగం మనుషులని మన పేపర్లలో రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళని నిజంగా భయపెట్టేది పొగమంచు కాదు, గడ్డకట్టే మంచు. 1997లోనూ 2015లోనూ ఎల్‌నినో కరవుతో పాటు రాత్రిళ్ళు మంచు పడి ఎత్తు ప్రాంతాల దుంప తీగలు మాడిపోయాయి.

తోటకి కంచె కట్టేది మగవాళ్ళు, నాటేది, కలుపు తీసేది, తవ్వేది ఆడవాళ్ళు. కంచె తోట చుట్టూ ఉంటుంది, పందులు బయట స్వేచ్ఛగా తిరుగుతాయి. సన్న దుంపలన్నీ వాటికే. పెళ్ళికి కన్యాశుల్కం, గొడవకి నష్టపరిహారం, దేనికైనా ముందు పందుల లెక్క తేలాలి, నోట్ల లెక్క తర్వాత. కాఫీ మోసేది ఆడవాళ్ళయినా డబ్బు తీసుకునే చోట మాత్రం మగవాళ్ళే కనబడేవారు. అందులో ఎంత ఇంటికి చేరుతుందో, ఎంత పేకాటకి పోతుందో ఆడవాళ్ళే నవ్వుతూ చెప్పేవారు. ఆ నవ్వు నేను పాడేరు సంతలో చాలాసార్లు చూశాను.

ఇల్లు చిన్నది, గుండ్రంగా ఉంటుంది, గడ్డి కప్పు. వంగి దూరాలి. మధ్యలో నెగడు, పొగ పోవడానికి వేరే దారి లేదు. మొదటి రాత్రి కళ్ళు తెరవలేకపోయాను. పొగ లేకపోతే కప్పు పురుగు పట్టిపోతుంది, చలికి పిల్లలు నిద్రపోరు. ఉంటే అదే పిల్లలు దగ్గుతారు. దూలానికి వేలాడే బిలుమ్‌లో పసిబిడ్డ, మన ఉయ్యాలలాగే. బిలుమ్ అంటే నారతో అల్లిన సంచి. నార పోగుల్ని తొడ మీద పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోస్తే రెండు పోగులూ ఒక్క తాడవుతాయి. మా ఇంటావిడ మాట్లాడుతూనే, చెయ్యి వైపు చూడకుండా, మూరల కొద్దీ పేనేది. నేను ప్రయత్నిస్తే నా తొడ కందింది తప్ప తాడు పడలేదు. ఆ సంచిలోనే దుంపలు, ఆ సంచిలోనే కట్టెలు, పట్టీ నడినెత్తిన, బరువంతా వీపున.

నేనున్నప్పుడే ఒక కాన్పు కష్టమైంది. ఊళ్ళో ఎయిడ్ పోస్ట్, అంటే చిన్న ఆరోగ్య కేంద్రం, ఉంది, తలుపుకి తాళం ఉంది, లోపల మందుల్లేవు. కర్రలకి దుప్పటి కట్టి మోసుకెళ్ళడమా, విమానం కోసం ఆగడమా అని మగవాళ్ళంతా నెగడు దగ్గర వాదించుకున్నారు. తెల్లవారాక విమానం వచ్చింది, తల్లీబిడ్డా బతికారు, కాఫీ బస్తాలు దిగాయి. నేను డోలీ గురించి చెప్పాను. మా ఏజెన్సీలో కూడా రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణుల్ని ఇలాగే మోస్తారని, విశాఖపట్నం నుంచి కారులో కొన్ని గంటల దూరంలోనే అది జరుగుతుందని అంటే వాళ్ళు నమ్మలేదు. ఇండియా అంటే వాళ్ళకి పెద్ద దేశం మరి.

నేల విషయంలో మాత్రం వాళ్ళే మనకంటే గట్టి. ఆ దేశంలో దాదాపు 97 శాతం భూమి వంశాల ఉమ్మడి ఆస్తి, అమ్మకానికి ఉండదు. మన వన్ ఆఫ్ సెవెంటీ చట్టం గురించి చెబితే ఒక పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. గిరిజనేతరులు కొనకూడదని చట్టం రాయాల్సి వచ్చిందంటే, అంతకుముందే చాలా పోయి ఉంటుంది కదా అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

చివరికి ఆయనే అడిగాడు, మరి రోడ్డు లేని మీ గూడేల్లో కాఫీ ఎలా దిగుతుంది అని. కొన్నిచోట్ల గుర్రాల మీద అని చెప్పాను. ఫోనులో ఫోటో చూపించాను, రెండు వైపులా బస్తాలు వేసుకున్న గుర్రం. చుట్టూ జనం చేరారు. ఎంత బరువు మోస్తుంది, ఎన్నేళ్ళు బతుకుతుంది, తన్నుతుందా, అన్నీ అడిగి, ఆఖరికి ఏం తింటుందని అడిగాడు. గడ్డి తింటుంది, చిలగడదుంప తీగ పెట్టినా తింటుందన్నాను.

"అయితే వద్దు" అన్నాడు పెద్దాయన. "పందులు ఒప్పుకోవు."